ఎవరు నింపారో తెలియని మందు

సైన్యంలో నా ఉద్యోగమంతా ఆర్మరర్‌గానే గడిచింది. తుపాకులు విప్పడం, గొట్టాలు తుడవడం, అరిగిన భాగాలు మార్చడం, పేలని తూటా ఎందుకు పేలలేదో వెతకడం నా పని. పింఛను తీసుకుని మళ్లీ అరకు కొండెక్కి వచ్చేసరికి మన గూడేల్లో నాటు తుపాకీ ఇంకా చూరులోనే ఉంది. చోడి చేలో అడవి పందులు పడుతున్నాయనో, మిరియాల తోటలో కోతులు ఆగడం లేదనో దాన్ని కిందికి దించుతూనే ఉన్నారు. తుపాకీ ఎవరిదో ఊరందరికీ తెలుసు. అందులో పడే మందు ఎక్కడిదో మాత్రం ఎవరూ చెప్పలేరు. వేళ్లు పోయినవాళ్లు, కన్ను పోయినవాళ్లు మన ఏజెన్సీకి కొత్త కాదు. వాళ్లలో గురి తప్పి దెబ్బతిన్నవాళ్లు తక్కువ, మందు చేతిలో మోసపోయినవాళ్లే ఎక్కువ.

కుర్రాళ్లు అడిగినప్పుడల్లా నోటితో చెబుతూ వచ్చిన మాటలే ఇవి. వరసగా అంకెలు వేసి రాయమంటే రాస్తున్నాను.

1. అగ్గిపుల్ల అంటించి చూస్తే మందు గుణం తెలియదు.

"తెలిసినవాడి దగ్గరే కొన్నాం" అంటారు. ఆ తెలిసినవాడు ఎవరి దగ్గర కొన్నాడు? అతనికి అమ్మినవాడికి ఎక్కడి నుంచి వచ్చింది? పొట్లం మీద పేరుండదు, తేదీ ఉండదు. అందుకని మనవాళ్లు ఒక పరీక్ష పెడతారు. చిటికెడు మందు రాతి మీద పోసి అగ్గిపుల్ల అంటిస్తారు. భగ్గుమంటే మంచి సరుకు, నింపాదిగా మండితే నాసిరకం అని లెక్క. నాసిరకం అనుకోగానే కొలత పెంచుతారు. ప్రాణం తీసేది సరిగ్గా ఈ లెక్కే.

తుపాకీ మందుల్లో రెండు జాతులున్నాయి. మొదటిది తాతల నాటి నల్లమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పొడి. ఆరుబయట అంటించినా భగ్గుమని లేచి దట్టంగా పొగ విడుస్తుంది. రెండోది ఫ్యాక్టరీ తూటాల్లో ఉండే పొగరాని మందు. ఇది నైట్రోసెల్యులోజ్‌తో తయారవుతుంది. 1884లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ దీన్ని తయారు చేశాక కొద్ది ఏళ్లలోనే సైన్యాలన్నీ నల్లమందు వదిలేశాయి. ఈ రెండోది ఆరుబయట అంటిస్తే పసుపుపచ్చ మంటతో మెల్లగా కాలిపోతుంది. గొట్టంలో బిగించి అంటిస్తే కథ వేరు. ఒత్తిడి పెరిగేకొద్దీ అది మండే వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నల్లమందుకని చేసిన గొట్టం దానికి నిలవదు. రాతి మీద సాధువుగా కనబడిన మందే గొట్టంలో రాక్షసి అవుతుంది.

పాత తూటాలు విప్పి పోగేసిన మందుని నల్లమందులో కలిపి అమ్మేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న నేను కూడా అరచేతిలో పోసుకుని అందులో ఏమేం కలిసిందో చెప్పలేను. వేలితో నలిపి చూసి "పర్లేదు, మంచిదే" అనే పెద్దమనుషుల మాట నమ్మకండి. ఒకే రకం నల్లమందు అయినా సన్న గింజలది త్వరగా మండుతుంది, ముతక గింజలది నెమ్మదిగా మండుతుంది. పోయిన ఏడాది పొట్లానికి సరిపోయిన కొలత ఈ ఏడాది పొట్లానికి సరిపోవాలని ఎక్కడా లేదు.

2. మళ్లీ నింపిన తూటా బయటికి కొత్తదానిలాగే ఉంటుంది.

ఇది లైసెన్సు తుపాకులున్న వాళ్లకి. పన్నెండు బోరు తూటాలు మన దేశంలో ఖడ్కీ అమ్యూనిషన్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటి ధర ఎక్కువనీ, దొరకడం కష్టమనీ కాల్చేసిన డొప్పల్లో మళ్లీ మందు నింపించుకునే అలవాటు కొందరికి ఉంది. డొప్పకి కొత్త క్యాప్ వేస్తారు, మందు పోస్తారు, పైన వాడ్ అనే బిళ్ల పెట్టి సీసపు గుళ్లు నింపి మూతి మడుస్తారు. చూడడానికి తేలికే. కాని పన్నెండు బోరు తుపాకీలో తూటా కూర్చునే గదిలో ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు దాటకూడదని అమెరికా తయారీదారుల ప్రమాణం. ఆ హద్దుకి లోబడాలంటే మందుని త్రాసులో గ్రాములో వందో వంతు దాకా తూచాలి. చిన్న గరిటెతోనో, సీసా మూతతోనో కొలిచే పని కాదది.

అమెరికాలో తూటాలు ఇంట్లోనే నింపుకునే క్రీడాకారులు చాలామంది ఉన్నారు. దానికి అచ్చయిన కొలతల పుస్తకాలున్నాయి, యంత్రాలున్నాయి. అంత శ్రద్ధగా చేసుకునేవాళ్లు కూడా పాటించే కట్టుబాటు ఒకటుంది: ఇంకొకరు నింపిన తూటాని తమ తుపాకీలో పెట్టరు. మళ్లీ నింపిన తూటా వాడి తుపాకీ పాడైతే పూచీ మాది కాదని అక్కడి కంపెనీలు తుపాకీతో ఇచ్చే పుస్తకంలోనే రాస్తాయి. అక్కడున్న మన తెలుగు పిల్లలు సరదాగా రేంజికి వెళ్తుంటారని వింటున్నాను. చవగ్గా వస్తున్నాయని సంచిలో పోసి అమ్మే తూటాలు కొనకండి నాయనా. సీలు వేసిన పెట్టె కొనుక్కోండి.

ఎక్కడ తప్పు జరుగుతుందో వినండి. నింపేవాడి ధ్యాస మళ్లితే ఒక డొప్పలో మందు రెండుసార్లు పడుతుంది, పక్క డొప్పలో అసలు పడదు. మందు రకం మారుతుంది. పదేపదే కాల్చిన డొప్ప అంచు చీలి మంట వెనక్కి తంతుంది. ఇవన్నీ మూతి మడిచేశాక కంటికి కనబడవు. చెవి దగ్గర పెట్టి ఊపి చూసినంత మాత్రాన తెలిసేవీ కావు.

ఇంకో సంగతి. రకరకాల తూటాలు ఒకే సంచిలో ఉంటే ఇరవై బోరు తూటా పన్నెండు బోరు గొట్టంలోకి జారిపోయి ముందు భాగంలో ఇరుక్కుంటుంది. గది ఖాళీగా కనబడుతుంది. తూటా పెట్టలేదనుకుని వెనక పన్నెండు బోరుది పెట్టి కాలిస్తే గొట్టం ఎడమ చేతి దగ్గరే పగులుతుంది.

3. నిన్న నింపారో లేదో గుర్తు లేకపోతే ఇవాళ నింపకండి.

మూతిలోంచి మందు దట్టించే తుపాకీకి ఉన్న పెద్ద జబ్బు ఇది. లోపల ఏముందో బయటికి కనబడదు. అన్న రాత్రి పందుల కోసం దట్టించి, అవి రాకపోతే అలాగే చూరులో పెట్టేస్తాడు. తమ్ముడు పొద్దున్నే తీసి మళ్లీ దట్టిస్తాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మనవాళ్లకి చదువు లేక ఇలా జరుగుతుందని ఎవరూ అనక్కర్లేదు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక రణరంగంలో 27 వేలకు పైగా తుపాకులు ఏరారు. వాటిలో దాదాపు 24 వేలు మందు దట్టించే ఉన్నాయి. సగానికి సగం వాటిలో ఒకదాని మీద ఒకటి రెండు దట్టింపులున్నాయి. ఒకదాంట్లో ఏకంగా 23. కవాతు నేర్చిన సిపాయిలే గందరగోళంలో పేలిందో లేదో చూసుకోకుండా కూరుతూ పోయారు.

లోపల మందు ఉందేమో తెలుసుకోడానికి ఒక పాత పద్ధతి ఉంది. దట్టించే కడ్డీ మీద ఖాళీ గొట్టం లోతుకి ఒక గీత పెట్టుకుంటారు. కడ్డీ ఆ గీత దాకా దిగకపోతే లోపల ఏదో ఉన్నట్టే. అలా తెలిస్తే దాన్ని కాల్చి ఖాళీ చేద్దామనుకోకండి. ఏ కాలం నాటి మందో, ఎంత ఉందో తెలియనిదాన్ని భుజానికి ఆనించకూడదు.

4. "ఠప్" మని మెత్తగా మోగితే అక్కడితో ఆపండి.

మందు తక్కువైతేనో, చెమ్మగిల్లితేనో గుండు గొట్టం మధ్యలో ఆగిపోతుంది. పేలింది కదా అని ఇంకోటి వేస్తే వెనకది వచ్చి ముందుదానికి కొట్టుకుంటుంది, గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. తుపాకీ గుర్రం పడ్డాక అసలు చప్పుడే రాకపోతే ఇంకా ప్రమాదం. లోపల నిప్పు నెమ్మదిగా పాకుతూ ఉండొచ్చు. మూతిని మనుషులు లేని వైపే పట్టుకుని కదలకుండా నిలబడాలి. తూటాకి అర నిమిషం, దట్టించే తుపాకీకి రెండు నిమిషాలైనా ఆగాలి. మూతి దగ్గర కన్ను పెట్టి చూడడం, నోటితో ఊదడం నేను మన కొండల్లో చూశాను. చూసినప్పుడల్లా నా గుండె ఆగినంత పనైంది.

5. అడవిలో దొరికిన తూటా మీది కాదు.

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో కొన్ని దశాబ్దాల పాటు మావోయిస్టులకీ పోలీసులకీ మధ్య ఏం నడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరెవరో పాతిపెట్టిన ఆయుధాల డంపులు ఇప్పటికీ బయటపడుతున్నాయి. పశువులు కాసే పిల్లలకి, అడ్డాకులకి వెళ్లే ఆడవాళ్లకి ఏ డబ్బానో, ఏ తూటాలో కనబడొచ్చు. వాటిని ఇంటికి తేవద్దు.

దొరికిన తూటా ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఒక నిజమైన కథ ఉంది. వియత్నాం యుద్ధంలో 1967 నుంచి అమెరికా రహస్య దళం ఒక పని చేసింది. శత్రువుల ఏకే తూటాల్లో మామూలు మందు తీసేసి పేలుడు పదార్థం నింపింది. అవి రూపంలో, బరువులో అచ్చు మామూలు తూటాల్లాగే ఉండేవి. వాటిని దొంగచాటుగా శత్రువుల డంపుల్లో కలిపేసింది, మంచి తూటాల మధ్య ఒకటి చొప్పున. ఆ ఒక్కటి గదిలోకి వచ్చిన రోజున తుపాకీ వెనక భాగం పగిలి కాల్చేవాడి మొహంలోకే వచ్చేది. దానికి 'ఎల్డెస్ట్ సన్' అని పేరు పెట్టుకున్నారు. ఆ సైనికులకి తమ తూటాల మీద తమకే నమ్మకం పోవాలన్నది ఆ పథకం.

మన అడవిలో ఎవరో అలా చేశారని నేననడం లేదు. పక్కన ఇరవై తొమ్మిది బాగా పేలినా ముప్ఫయ్యోదాని గురించి అవి ఏమీ చెప్పవు అంటున్నాను. తెచ్చిన మనిషి మంచివాడు కావడం, అతనిచ్చిన తూటా మంచిది కావడం వేర్వేరు సంగతులు.

6. నీళ్ల పైపు తుపాకీ గొట్టం కాదు.

ఫ్యాక్టరీ గొట్టాన్ని గట్టి ఉక్కు కడ్డీలోంచి తొలిచి తీస్తారు. అమ్మకానికి పంపే ముందు మామూలు కన్నా ఎక్కువ మందుతో ప్రూఫ్ పరీక్ష చేసి ముద్ర కొడతారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఈ పనికోసమే 1813లో ఒక సంస్థని చట్టం చేసి పెట్టారు. మన నాటు తుపాకీకి నీళ్ల పైపో, పాత జీపు స్టీరింగు రాడ్డో గొట్టం అవుతుంది. నీళ్ల పైపుకి పొడవునా అతుకుంటుంది. చిలుము ఆ అతుకులోనే మొదలవుతుంది. నేను చూసిన ఒక పగిలిన తుపాకీకి గొట్టం మూతి వైపు చెక్కుచెదరలేదు. చెంప ఆనే చోటికి జానెడు ముందు, అతుకు వెంబడి విచ్చుకుంది. వెనక బిగించిన బిరడా మరలు ఊడి ఎటో ఎగిరిపోయింది. ఒత్తిడి ఎక్కువగా ఉండేది వెనక వైపే, మన మొహం ఉండేదీ అక్కడే.

కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరిని తిట్టి లాభం లేదు. నాగలి కర్రు, గొడ్డలి, కత్తి అతని చేతిలో గొప్పగా తయారవుతాయి. ఉక్కు లోపల ఏముందో కంటితో చూడగలిగే మనిషి ఎవరూ లేరు.

7. మందుని పొయ్యి మీద అటకలో ఆరబెట్టకండి.

ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన కొండల్లో బట్టలే ఆరవు. మందు చెమ్మ పట్టిందని మొక్కజొన్న కంకులు, మిరపకాయలు వేలాడే అటక మీదే పొట్లం పెడతారు. కింద పొయ్యి మండుతుంటుంది, పక్కన పిల్లలు పడుకుంటారు. నిప్పురవ్వ ఒక్కటి చాలు. పైగా తడిసి ఆరిన నల్లమందులో సురేకారం కరిగి ఒకచోట గడ్డకడుతుంది. అది ఇక మునుపటి మందు కాదు. అగ్గిపుల్లల తలల మందు, దీపావళి క్యాపుల మందు గీరి వాడేవాళ్లకీ ఒక మాట. వాటిలో క్లోరేటు ఉంటుంది. గంధకం తగిలితే నిప్పు అక్కర్లేదు, రాపిడికే అంటుకుంటుంది. గీరుతున్న చేతిలోనే పేలుతుంది.

8. అల్లూరి పేరు చెప్పి నాటు తుపాకీని సమర్థించకండి.

"మన తాతలు ఇవే తుపాకులతో తెల్లదొరని ఎదిరించారు" అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. మంచి మాటే, కాని సగమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి అల్లూరి సీతారామరాజు, ఆయన అనుచరులైన గాం సోదరులు దళంతో వెళ్లింది దేనికి? ఆయుధాల కోసం. తుపాకులతో పాటు వాటికి సరిపోయే తూటాలు కూడా మోసుకుపోయారు. ఏ తుపాకీకి ఏ తూటా కావాలో వాళ్లకి తెలుసు. ఆ పెద్దల పేరు తలుచుకునేవాళ్లు ఆ జాగ్రత్త కూడా తలుచుకోవాలి.

9. చట్టంలో దారి ఉంది, దాన్ని అడగండి.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా కోసం మూతిలోంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వచ్చని స్పష్టంగా ఉంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నా, తూటాలు ఉంచుకున్నా 25వ సెక్షన్ కింద జైలే. లైసెన్సున్నా వన్యప్రాణిని వేటాడే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. పంట పోతే అటవీ శాఖకి పరిహారం కోసం అర్జీ పెట్టుకోవాలి. తిరగాలి, విసుగు వస్తుంది, నిజమే. ఆ తిరుగుడులో ఊరి సర్పంచిని, వలంటీరుగా పనిచేసిన చదువుకున్న పిల్లల్ని వెంటబెట్టుకోండి. మంచె మీద తుడుం మోగించే కాపలా నలుగురు వంతులేసుకుంటే ఇప్పటికీ పనిచేస్తుంది.

10. దెబ్బ తగిలితే దాచకండి.

ఇది అన్నిటికన్నా గట్టిగా చెప్పాలి. తుపాకీ పగిలి దెబ్బ తగిలితే మనవాళ్లు ముందు భయపడేది నెత్తురుకి కాదు, కేసుకి. అందుకని ఆస్పత్రికి తీసుకుపోరు. గాయంలో కాఫీ పొడి కుక్కుతారు, ఆకు పసరు పిండుతారు, చెట్టు మీంచి పడ్డాడని చెబుతారు. లోపల ఇనుప ముక్క, గుడ్డ పీలిక, మసి ఉండిపోతాయి. చేతితో పోవాల్సింది ప్రాణం దాకా వస్తుంది.

చేయాల్సింది ఇది. నెత్తురు కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి వదలకుండా అదిమి పట్టండి. కంట్లో గుచ్చుకున్నది లాగకండి, కన్ను నలపకండి, నీళ్లు కొట్టకండి. చిన్న గిన్నె లాంటిది కంటికి తగలకుండా బోర్లించి కట్టండి. 108కి ఫోన్ చేయండి. రోడ్డు లేని గూడెమైతే డోలీ కట్టి బండి వచ్చే చోటికి దించండి, ఫోన్‌లోనే ఫీడర్ అంబులెన్స్ అనే బైకు బండిని అడగండి. అరకు ఏరియా ఆస్పత్రో, పాడేరు ఆస్పత్రో ఏది దగ్గరైతే అక్కడికి. కన్ను, చెయ్యి అయితే అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కి పంపుతారు. అరకు నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ దిగాలి. కాబట్టి ఇంటి దగ్గర పోగొట్టిన ప్రతి గంటా తర్వాత దొరకదు. డాక్టరుకి నిజం చెప్పండి. తుపాకీ గాయమని తెలిస్తేనే లోపలి ముక్కల కోసం ఎక్స్‌రే తీస్తాడు, ధనుర్వాతానికి ఇంజెక్షన్ వేస్తాడు. పోలీసు కాగితాల కోసం వైద్యం ఆపకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

11. ఆఖరిది ఆడవాళ్లకి.

చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్లు వేటకి పోతారు. ఖాళీ చేతులతో తిరిగొస్తే పేడనీళ్లు చల్లి ఆటపట్టించే ఆచారం మన ఊళ్లలో ఉంది. సరదాకి పుట్టిందే. కాని ఆ నవ్వులకి సిగ్గుపడి, నమ్మకం లేని మందు అప్పు తెచ్చి దట్టించే కుర్రాళ్లని నేనెరుగుదును. అమ్మలారా, అక్కలారా, పాటలు పాడండి, థింసా ఆడండి, దారికి అడ్డంగా కర్ర పెట్టి పండగ డబ్బులు అడగండి. ఖాళీ చేతులతో వచ్చినవాడికి మాత్రం ఈసారి కాళ్లకి నీళ్లిచ్చి లోపలికి పిలవండి. మీ ఇంట్లో చూరులో తుపాకీ ఉంటే, లోపల మందు ఉన్నా లేకపోయినా, పండగలోపే ఊరి పెద్దలతో కలిసి స్టేషన్‌కి కబురు పెట్టి అప్పగించేయండి.